మన గల్లీకీ ఒక ఆల్బమ్ కావాలె

పోయిన దసరాకు మా ఇంటి పిల్లగాడొకడు పుణె నుంచి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. మిఠాయి ఉందేమోనని చిన్నపిల్లలంతా చుట్టూ మూగారు. విప్పితే ఒక రికార్డు ప్లేయరు, ఇరవై దాకా ఎల్పీలు. రాక్, జాజ్, బ్లూస్, ఎలక్ట్రానిక్... అన్నీ బయటి దేశాలవే. ఒక్కోటి వెయ్యి, రెండు వేలు పెట్టి కొన్నవట. "ఫోన్ల ఫుకట్‌గ వచ్చేదానికి ఇంత పగార్ పోస్తవారా?" అని మా పెద్ద వదినె ముఖం మీదే అడిగేసింది. వాడు నవ్వి ఊరుకున్నాడు.

బతుకమ్మ ఆట అయిపోయి, అందరం తిని, డాబా మీద చాదర్లు పరుచుకుని కూర్చున్నాక వాడొక బ్లూస్ రికార్డు పెట్టాడు. ఒక్క గిటారు, ఒక్క మనిషి గొంతు. మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. మా బాపు ముప్పై ఎనిమిదేళ్లు సాంచాల మీద పనిచేసిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకుని విన్నాడు. పాట అయిపోయాక ఒక్కటే మాటన్నాడు: "అవ్వ బీడీలు చుట్టుకుంట గిట్లనే పాడేది. ఎవలితోని చెప్పుకోరానిది పాటతోని చెప్పుకునేది."

ఆ మాట తర్వాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మా నాయనమ్మను ఇంట్లో అందరం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె పాట ఇప్పుడు ఇంట్లో లేదు. ఎట్ల పోయిందో అందరికీ తెలుసు. 2009లో పాత ఇల్లు పంచుకున్నప్పుడు క్యాసెట్లన్నీ ఒక గోనెసంచిలో నింపి, పాత ప్లాస్టిక్ బకెట్లతో కలిపి తూకానికి అమ్మేశాం. వినే టేపురికార్డరే చెడిపోయింది కదా, ఇవెందుకు అనుకున్నాం. ఎంత వచ్చిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు. మనమే చేసిన పని, ఇంకొకర్ని అనేదేం లేదు.

మరునాడు మా చిన్నాయిన పాత కండెలు, నాడెలు, అచ్చు ముక్కలు దాచిన ఇనప పెట్టె దులుపుతుంటే అడుగున ఒక్క క్యాసెట్ దొరికింది. పైన ఏ పేరూ రాసి లేదు. పక్కింటి నుంచి టేపురికార్డరు అడిగి తెచ్చి పెట్టాం. మొదట రేడియోలోంచి పట్టిన సినిమా పాటలు. తర్వాత టక్‌మని ఏదో ఆగిన చప్పుడు. తర్వాత ఎనిమిది నిమిషాలు అవ్వ గొంతు. వెనక ఎక్కడో సాంచా ఆడుతోంది, మధ్యలో ఎవరో చాయ్ అడిగారు, ఒక పసిపిల్ల ఏడ్చింది. ఎవరు పట్టారో, ఎందుకు పట్టారో తెలియదు. బాపు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ ఎనిమిది నిమిషాల వల్లే ఈ ముచ్చట రాస్తున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్తాం: సోలాపూర్ నేతగాళ్ల పేటలకు, మన తెలుగు గల్లీలకు, ఒక ఆల్బమ్ ఉండాలి. ఫోన్లలో చెల్లాచెదురుగా తిరిగే ముక్కలు కాదు. ఏరి, వరుస పెట్టి, అట్ట వేసి, ఎవరు పాడారో ఎందుకు పాడారో రాసిపెట్టిన ఆల్బమ్.

ఆల్బమ్ అంటే ఏంది?

వాడు తెచ్చిన రికార్డులు చూస్తూ మేమూ కొంత నేర్చుకున్నాం. పూర్వం నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల మీద ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. పెద్ద సంగీతం వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫొటోల ఆల్బమ్ లాంటి అట్టపుస్తకంలో పెట్టి అమ్మేవారు. ఆల్బమ్ అన్న పేరు అట్ల వచ్చింది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టింది, పుస్తకమంతా ఒక్క పళ్లెంలోకి వచ్చేసింది. కానీ పేరు మాత్రం మిగిలింది. అంటే ఆల్బమ్ అనేది మొదటి నుంచీ కుటుంబ ఫొటోల పుస్తకం లాంటిదే. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూసుకుని అతికించేది.

మనవాళ్లకూ ఈ పని కొత్తేం కాదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో చూపించిన క్యాసెట్ మన గల్లీల దాకా రావడానికి చాన్నాళ్లు పట్టింది. 1980లలో వచ్చిందంటే మాత్రం వరదలా వచ్చింది. ఒక వైపు ముప్పై నిమిషాలు పట్టే ఖాళీ క్యాసెట్, ఒక కాగితం మీద పన్నెండు పద్నాలుగు పాటల పేర్లు తీసుకుని రికార్డింగ్ దుకాణానికి పోయేవాళ్లం. రెండు రోజులకు మనం అడిగిన వరుసలో మన క్యాసెట్ చేతికొచ్చేది. ముందు దేవుడి పాట, తర్వాత ఘంటసాల, ఆ తర్వాత హిందీ, చివరకు ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న ప్రేమ పాట. ఆ జాబితా రాయడానికి ఒక పూట పట్టేది. అదే సంకలనం చేయడమంటే. మన ప్రతి ఇంట్లో ఆ పని తెలిసినవాళ్లు ఉండేవారు. సినిమా పాటలకు చేసినం గని మన సొంత పాటలకు చేసుకోలేదు, అంతే తేడా.

పత్తి ఏరినోళ్ల పాట, పత్తి నేసినోళ్ల పాట

బాపుకు బ్లూస్ తెలిసిన పాటలా వినబడటంలో వింతేం లేదు. ఆ పాట పుట్టింది అమెరికా దక్షిణాదిలో పత్తి చేలల్లో. బానిసత్వం పోయినా అప్పుల కింద, కౌలు కింద నలిగిన నల్లవాళ్లు పని పాటల్లోంచి, గుడి పాటల్లోంచి దాన్ని తీశారు. వాళ్లు ఏరిన పత్తి మిల్లులకు పోయేది. మనవాళ్లు ఆ పత్తి నూలు చివర కూర్చున్నారు, ఆసు పోసి, పడుగు దువ్వి, పేక వేసి. చేతులకు తెరిపి లేని పని ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. నోరు ఒక్కటే ఖాళీ.

అలన్ లోమాక్స్ అనే ఆయన 1941లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున మిసిసిపీ పత్తి తోటల్లో పాటలు పట్టుకుంటూ తిరిగాడు. స్టోవాల్ తోటలో ట్రాక్టరు తోలే ఒక యువకుణ్ని పాడించాడు. అతనే మడ్డీ వాటర్స్. తన గొంతు తను యంత్రంలో విన్నాకే పాడగలనన్న నమ్మకం వచ్చిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. రెండేళ్లకు, 1943లో, పని వెతుక్కుంటూ చికాగో పోయాడు. అక్కడి గలాటాలో మామూలు గిటారు వినబడక కరెంటు గిటారు పట్టాడు. ఆయన 1950 నాటి పాట పేరే రోలింగ్ స్టోన్స్ తమ బ్యాండుకు పెట్టుకున్నారు. రాక్ సంగీతం సగం అక్కడి నుంచే నడిచి వచ్చింది. పల్లె విడిచి పట్నంలో మిల్లు దగ్గర చేరినవాడి ముచ్చట ఇది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు విడిచి సోలాపూర్ వచ్చిన మన తాతలకు ఇది వేరే చెప్పాలా?

ఇంకొక ముచ్చట. 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన తన దగ్గరున్న పాత 78 రికార్డుల్లోంచి 84 పాటలు ఏరి, ఆరు ఎల్పీల సంకలనం చేశాడు. ఫోక్‌వేస్ కంపెనీ వేసింది. అప్పటికి ఆ పాటలు పట్టి ఇరవై ఏళ్లు దాటింది, దుకాణాల్లో దొరకవు, పాడినవాళ్లు ఉన్నారో పోయారో తెలియదు. వాళ్లలో ఒకరు మిసిసిపీ జాన్ హర్ట్. 1928లో ఆరు రికార్డులిచ్చి, అవి అమ్ముడుపోక మళ్లీ సేద్యానికి పోయిన మనిషి. ఆ సంకలనం విన్నవాళ్లు ఆయన కోసం వెతికారు. ఆయన పాత పాటల్లో ఒకదాంట్లో అవలాన్ అనే సొంతూరి పేరు ఉంది. ఆ ఊరు పట్టుకుని పోతే 1963లో ఆయన అక్కడే దొరికాడు. చనిపోయేలోపు మూడేళ్లు వేల మంది ముందు పాడాడు. ఎవరో ఒకాయన ఏరి, వరుస పెట్టి, చిన్న పుస్తకం రాసి పెట్టినందుకే అది జరిగింది.

సంకలనం ఒక్కోసారి పేరు కూడా పెడుతుంది. కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్‌లో కొందరు నల్ల యువకులు డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లతో పాటలు చేస్తుంటే, 1988లో ఇంగ్లండులో వాటితో ఒక సంకలనం వేశారు. పేరులో టెక్నో అన్న మాట పెట్టారు. అప్పటి నుంచి ఆ సంగీతానికి లోకమంతా అదే పేరు. అంతకు ముందు ఉన్నవి విడి విడి పాటలు. ఒక్క అట్ట కిందికి వచ్చాక అది ఒక ఊరి సంగీతమైంది. మనకు కావాల్సింది అదే.

మన దగ్గర పాట ఎక్కడుండేది?

చేమగ్గం రోజుల్లో మగ్గం గుంటలో కూర్చున్నవాడే పాడేవాడు. నాడె పోయి రావడమే తాళం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు పటం విప్పి, బొమ్మ బొమ్మకూ కథ పాడేవారు. చేర్యాల నకాషీలు ఆ పటాలు గీసేవారు. పటాలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి, గోడలకు వేలాడుతున్నాయి. ఆ బొమ్మ పక్కన నిలబడి పాడిన గొంతు మాత్రం గోడకు వేలాడదు.

తర్వాత సాంచాలు వచ్చాయి. ఒక కార్ఖానాలో పదో ఇరవయ్యో ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిస్తేనే మాట వినబడుతుంది. మగవాళ్ల పాట అక్కడే ఆగిపోయిందని మేమనుకుంటాం. పాట ఇంటికి, ఆడవాళ్ల దగ్గరికి వచ్చింది. మగవాళ్లు కార్ఖానాకు పోతే ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టారు. తునికాకు తడిపి, కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారం కట్టి... వెయ్యి బీడీల లెక్కకు పైసలు. నలుగురు ఒక దగ్గర కూర్చుంటే ఒకరు ఎత్తుకుంటే ముగ్గురు అందుకునేవారు. అత్త మీద పాటలు, పుట్టింటి పాటలు, మిల్లు బంద్ పడ్డప్పటి పాటలు. కొన్నిట్లో సగం మాటలు మరాఠీ, కొన్నిట్లో కన్నడం. తెలంగాణలో ఉన్న మన చుట్టాలకు కూడా పూర్తిగా అర్థం కావు. అవి సోలాపూర్‌లోనే పుట్టిన తెలుగు పాటలు. ఇంకెక్కడా దొరకవు. పోతే ఇక్కడే పోతాయి.

బతుకమ్మకు ఒక తీరు, నూలు పున్నమికి మార్కండేయుడి రథం వెనక భజనకు ఒక తీరు, పెళ్లిలో ఒక తీరు, చావు దగ్గర ఏడుపు పాట ఇంకో తీరు. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి మనకు పెద్ద దారి చూపించారు. పుస్తకంలో మాట నిలుస్తుంది. పొగాకు ఘాటుకు గొంతు జీరబోవడం, పసిపిల్ల ఏడిస్తే పాట మధ్యలో ఊపు మార్చి జోలపాట చేయడం, ఇవి పుస్తకంలో నిలవవు. అవి శబ్దంలోనే ఉంటాయి.

సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, గర్వంగానే ఉంది. జకార్డ్ అట్టల మీద చిల్లులు పొడిచి పువ్వు నేసిన చేతికి అది దక్కవలసిన గౌరవం. అదే చేతుల పక్కనున్న గొంతుకు ఇంత వరకు ఏ గుర్తింపూ లేదు. ఇంకో చేదు ముచ్చట. 1970, 71లలో సిమ్లా అనే సిగరెట్ పేరు మీద దేశంలోని రాక్ బ్యాండ్లకు పోటీ పెట్టి, గెలిచినవాళ్ల పాటలతో సిమ్లా బీట్ అని రెండు ఎల్పీలు తీశారు. వాటి కోసం ఇప్పుడు బయటి దేశాలవాళ్లు కూడా వెతుకుతున్నారట. ఆ పిల్లలు బాగా వాయించారు, వాళ్లను తప్పు పట్టేదేం లేదు. కానీ సిగరెట్‌కు రెండు ఆల్బమ్‌లు ఉన్న దేశంలో బీడీ చుట్టిన చేతుల పాటకు ఒక్కటన్నా ఉండొద్దా?

వద్దనేవాళ్లకు మా జవాబు

ఇంట్లోనే మూడు అభ్యంతరాలు వచ్చాయి. బయట ఇంకా వస్తాయి. అందుకే ముందే చెప్పుకుందాం.

మొదటిది: ఎవలు వింటరు? 1982లో బొంబాయి సినిమా వాయిద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ సింథసైజర్ల మీద పది రాగాలు వాయించి డిస్కో తాళంతో ఒక ఎల్పీ చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో దాన్ని మళ్లీ వేస్తే లోకం నోరు తెరిచింది. అమెరికాలో ఆ రకం ఎలక్ట్రానిక్ సంగీతం పుట్టక ముందే, అవే యంత్రాలతో ఈయన చేశాడని రాశారు. ఆయన 2015లో పోయాడు, అంతకు ముందు ఆ చప్పట్లు విన్నాడు. వినేవాళ్లు ఎప్పుడొస్తారో మనం చెప్పలేం. వాళ్లు వచ్చే రోజుకు రికార్డు మిగిలి ఉండాలి, అంతవరకు మన బాధ్యత.

మన పక్కింటి మరాఠీ ఆడవాళ్ల సంగతే చూడండి. తిరగలి తిప్పుతూ పాడుకునే ఓవీ పాటలను హేమా రాయిర్‌కర్, గీ ప్వాతెవాఁ పుణె నుంచి ఊరూరా తిరిగి లక్షకు పైగా సేకరించారు. వేలాది పాటలు గొంతుతో సహా పట్టారు. 2017 నుంచి పారి సంస్థ వాటిని పాడినవాళ్ల పేరుతో, ఊరితో, ఫొటోతో ప్రజల ముందు పెడుతోంది. తిరగలి పోయింది, పాట మిగిలింది. ఒకే రాష్ట్రంలో, ఒకే గల్లీలో ఉంటూ వాళ్లకు జరిగింది మనకెందుకు జరగదు?

రెండోది: బీడీ పాటలు పది మందికి వినిపించే పాటలా, పరువు పోదా? ఈ మాట అన్నది మా ఇంట్లో బాగా చదువుకున్నవాళ్లే. చదువుకున్నాక అవ్వ తునికాకు గంప దాచిపెట్టిన ఇళ్లు మనలో ఎన్ని లేవు? పెళ్లిచూపులకు ఎవరొచ్చినా ముందు ఆ గంప అటకెక్కేది. కానీ ఆ వెయ్యి బీడీల లెక్కతోనే మన ఫీజులు కట్టారు. పరువు పోయేది పాట వినిపిస్తే కాదు, ఆమె గొంతు పాత ప్లాస్టిక్‌తో కలిపి అమ్మినప్పుడే పోయింది. మాది ముందు పోయింది కాబట్టి చెప్తున్నాం.

మూడోది అసలైన తగాదా. ఆ రికార్డులు తెచ్చిన పిల్లగాడే మొదలుపెట్టాడు. స్నేహితుడి కార్ఖానాకు పోయి సాంచా చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చాడు. దాన్ని కంప్యూటర్లో కోసి, తాళంగా మార్చి, దాని మీద అవ్వ ఎనిమిది నిమిషాల్లోంచి రెండు ముక్కలు అతికించాడు. నిజం చెప్పాలంటే బాగుంది. చిన్నవాళ్లు లేచి కాలు కదిపారు. మా మేనత్త మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది. "మా అవ్వను డీజేల కలిపిండు" అని రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. బాపు అయోమయంగా, "ఏందిరా, సాంచ చప్పుడు గూడ పాటేనా? నా చెవులు తిన్నది గదరా అది!" అన్నాడు.

ఇందులో మేం ఎవరి పక్షం? ఇద్దరి బాధా మాకు అర్థమవుతుంది. ఊరేగింపుల్లో గోడలంత స్పీకర్లు పెట్టి గుండెలదరగొట్టేదాన్నే మన పెద్దలు ఎలక్ట్రానిక్ సంగీతం అనుకుంటున్నారు. అది ఒక్కటే కాదు. పాలకొల్లులో పుట్టిన మన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌కు కరెంటు పెడితే మొదట కచేరీ పెద్దలు ముఖం చిట్లించారు. ఆ కుర్రవాడే 1983లో, పద్నాలుగేళ్లకు, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించి వచ్చాడు. 1995లో మైఖేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే ఆల్బమ్ చేశాడు, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ శక్తి బృందంతో దేశాలు తిరిగాడు. 2014లో నలభై అయిదేళ్లకే పోవడం మన దురదృష్టం. కరెంటు తగిలితే సంప్రదాయం చచ్చిపోదని ఆయన వాయించి చూపించాడు. కాకపోతే ముందు సంప్రదాయం చేతిలో ఉంది, తర్వాతే తీగ తగిలించాడు.

రెండో వైపు కూడా చూడాలి. 1999లో మోబీ అనే ఆయన ప్లే అనే ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లో లోమాక్స్ పట్టిన పాత గొంతులను తాళాల మీద వాడుకున్నాడు. కోట్ల మంది విన్నారు. అందులో ఒక గొంతు వేరా హాల్ అనే అలబామా ఆమెది. ఇళ్లలో వంట చేసి, బట్టలు ఉతికి బతికిన మనిషి. 1964లోనే పోయింది. ఆ పాటకు చిందేసినవాళ్లలో ఆమె పేరు ఎంతమందికి తెలుసు? ఆమె మొత్తం పాట కావాలంటే వెతికితే దొరుకుతుంది, ఎందుకంటే అసలు రికార్డు విడిగా, భద్రంగా ఉంది. మా మేనత్త భయం సరిగ్గా అక్కడే ఉంది. అసలుది లేకుండా అతుకు ముక్క ఒక్కటే మిగిలితే, అవ్వ ఒక చప్పుడుగా మిగిలిపోతుంది.

అందుకని ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు ఎనిమిది నిమిషాలూ ఉన్నదున్నట్టు, చాయ్ అడిగిన మాటతో సహా, ఒక్క ముక్క కోయకుండా బయటికి రావాలి. పాడింది ఎవరు, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ గల్లీలో కూర్చుని పాడింది రాయాలి. ఆ తర్వాత పిల్లల తాళాలు వేరే అట్ట కింద రావచ్చు, దాని మీద కూడా ఆమె పేరు ముందుండాలి. మేనత్త ఒప్పుకుంది. పూర్తిగా కాదు, సగం. ఆ సగమే చాలు అనుకుంటున్నాం.

ఇక చేయాల్సింది

ఇంట్లో క్యాసెట్లుంటే తొందరపడి ప్లేయర్లో వేయకండి. వెనక అంచు మీద రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, ముందు వాటిని విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. లోపల టేపును నొక్కే చిన్న మెత్త ఊడిందేమో చూడండి. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి, అంటుకున్న చుట్లు వదులవుతాయి. ప్లేయరు హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా పెట్టండి, చోటు ఎక్కువ తిన్నా సరే. మూడు కాపీలు చేయండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. వాట్సాప్‌లో పంపింది కాపీ కిందికి రాదు, అది పంపే కొద్దీ నలిగిపోతుంది.

రేడియో నుంచి, సినిమా నుంచి పట్టిన పాటలు విని ఆనందించండి గాని ఈ సంకలనంలో కలపొద్దు. మన చట్టం ప్రకారం రికార్డు విడుదలైనాక అరవై ఏళ్ల దాకా దాని హక్కు దాని సొంతదారుదే. మనకు కావాల్సింది మన గొంతులు. పాడినవాళ్లుంటే వాళ్లను, లేకుంటే వాళ్ల పిల్లలను అడిగి, ఒప్పుకుంటేనే పెట్టాలి. చావు పాటల దగ్గర మరీ జాగ్రత్త. కొన్ని పాటలు ఇంటి లోపలే ఉండాలనుకుంటారు, ఆ మాట కూడా వినాలి.

క్యాసెట్లు లేనివాళ్లు బాధపడొద్దు. మనుషులున్నారు. విడి ఘర్కుల్‌లో, అశోక్ చౌక్ చుట్టుపక్కల, సాఖర్ పేటలో, దాజీ పేటలో డెబ్బై ఎనభై ఏళ్ల ఆడవాళ్లు ఇంకా పాడగలరు. ఫోన్ చాలు. టీవీ బంద్ చేయండి, ఫ్యాన్ బంద్ చేయండి, ఫోన్ ముఖానికి మూరెడు దూరంలో పెట్టండి. ముందు పేరు, పుట్టిన ఊరు, ఏ ఏడు వచ్చారో చెప్పించండి. చేతిలో బీడీ పళ్లెం పెడితే పాట దానంతట అదే వస్తుందని మా అనుభవం. ఒట్టి చేతులతో కూర్చోబెట్టి "పాడవ్వా" అంటే సిగ్గుపడతారు.

భీవండి, సూరత్, ఇచల్‌కరంజి, ముంబై, అహ్మదాబాద్‌లలో ఉన్న మన వాళ్లకు కూడా ఇదే మాట. మీ అటకల మీద ఏముందో చూడండి. సోలాపూర్ నుంచి మీ దగ్గరికి వచ్చిన కోడలు తెచ్చుకున్న పాట మీ దగ్గరే బతికి ఉండొచ్చు. వచ్చే నూలు పున్నమి లోపల ఒక గంట పాట్లు ఏరగలిగితే, రథం రోజు మొదటి ఆల్బమ్ మార్కండేయుడి ముందు పెట్టాలని మా ఆశ. ముప్పై నిమిషాలు ఒక వైపు, ముప్పై నిమిషాలు ఇంకో వైపు. పాత క్యాసెట్ లెక్కే.

అట్ట మీద ఏం బొమ్మ పెట్టాలో కూడా ఇంట్లో తేలింది. మా మేనత్త అటక మీద నుంచి అవ్వ తునికాకు గంప దింపి, దుమ్ము తుడిచి, గడప దగ్గర పెట్టింది. దాన్నే ఫొటో తీశాం.